‘లప్ ఙోన్’: మాటను నిలబెట్టడం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

వియత్నాం చరిత్ర, సాహిత్యం చదివేవాళ్ళకు ఎక్కడో ఒకచోట ‘లప్ ఙోన్’ అనే మాట తగులుతుంది. రచనల ద్వారా తన ఆలోచనను తరతరాలకు మిగిల్చిపోవడం అని దానికి స్థూలంగా అర్థం. ఆ ఒక్క వాక్యంతో సరిపెట్టుకుంటే మాత్రం అసలు రుచి తెలియదు. ఈ మాట విన్న తెలుగువాళ్ళు సాధారణంగా అడిగే ప్రశ్నలు, వాటికి నాకు తెలిసినంతలో జవాబులు ఇవి.

దీన్ని ఎలా పలకాలి?

మన వర్ణమాలలో ‘ఙ’ అనే అక్షరం చిన్నప్పుడు దిద్దడమే కానీ ఆ తర్వాత దాని మొహం చూసినవాళ్ళు తక్కువ. ‘వాఙ్మయం’ అన్నప్పుడు ముక్కులోంచి పలుకుతామే, అదే ధ్వని. వియత్నామీలో ఆ ధ్వని మాట మొదట్లోనే వస్తుంది. ‘ఙోన్’ అనేటప్పుడు ‘న్గోన్’ అని విడగొట్టకూడదు. వాళ్ళలో అందరికంటే ఎక్కువమందికి ఉండే ఇంటిపేరు ‘ఙుయెన్’ కూడా ఈ అక్షరంతోనే మొదలవుతుంది. ఇక ‘లప్’ అనేటప్పుడు స్వరం బరువుగా కిందికి పడి చటుక్కున ఆగుతుంది. ‘ఙోన్’ మాత్రం ఎత్తుపల్లాలు లేకుండా సమంగా సాగుతుంది. స్వరం మారితే వియత్నామీలో అర్థమే మారిపోతుంది కాబట్టి ఇది పట్టించుకోవాల్సిన సంగతే.

ఒక్కో ముక్కకూ అర్థం ఏమిటి?

‘లప్’ అంటే నిలబెట్టడం, నెలకొల్పడం. ‘ఙోన్’ అంటే మాట. రెండూ చైనా భాష నుంచి వియత్నామీలోకి వచ్చినవే. కలిపితే మాటను నిలబెట్టడం. తెలుగులో ‘మాట నిలబెట్టుకోవడం’ అన్నామంటే ఇచ్చిన మాట తప్పకపోవడం. ఆ ‘కోవడం’ తీసేసి చూడండి. నిలబెట్టుకునేది మనకోసం, మన పరువు కోసం. నిలబెట్టేది మనం లేనప్పుడు కూడా నిలిచి ఉండడం కోసం. లప్ ఙోన్ ఈ రెండోది. ఇంతకంటే దగ్గరగా తెలుగులో చెప్పే దారి నాకు దొరకలేదు.

ఈ భావన వియత్నాం వాళ్ళదేనా?

పుట్టుక చైనాలో. ‘జువో జువాన్’ అనే ప్రాచీన చరిత్ర గ్రంథంలో క్రీ.పూ. 549 నాటి సంభాషణ ఒకటి ఉంది. లూ రాజ్యం దూత ము షు, జిన్ రాజ్యానికి వెళ్ళాడు. అక్కడి మంత్రి ఫాన్ షువాన్జి ఆయన్ని ఒక ప్రశ్న అడిగాడు. చనిపోయినా చెడకుండా ఉండడం అని పెద్దలు అంటారు కదా, అదేమిటి అని. జవాబు రాకముందే తానే అందుకుని, అనాదిగా పేరున్న తన వంశవృక్షమంతా ఏకరువు పెట్టి, ఇదే కదా అన్నాడు. కాదు అన్నాడు ము షు. అది తాతల నాటి జీతబత్యాలు కొనసాగడం మాత్రమే, అలాంటి వంశాలు లేని దేశమే లేదు అన్నాడు. చెడకుండా నిలిచేవి మూడు: అన్నిటికంటే పైన శీలాన్ని నిలబెట్టడం, దాని తర్వాత కార్యాన్ని నిలబెట్టడం, ఆ తర్వాత మాటను నిలబెట్టడం.

వియత్నాం పండితులు వీటిని లప్ డుక్, లప్ కోంగ్, లప్ ఙోన్ అన్నారు. మూడింటినీ కలిపి ‘తామ్ బత్ హూ’, అంటే చెడనివి మూడు.

ఇందులో చాలామంది దాటేసే విషయం ఒకటుంది. మాట నిలిచినవాడికి ఉదాహరణగా ము షు చెప్పిన పేరు జాంగ్ వెన్జోంగ్. ఆ మంత్రి అప్పటికి చనిపోయి 70 ఏళ్ళు కావస్తోంది. ఆయన పుస్తకం గురించి అక్కడ ఒక్క ముక్క లేదు. ఆయన అన్న మాటలు జనంలో నిలిచాయి, అంతే. కాబట్టి మొదట్లో లప్ ఙోన్‌కి రచనతో పనిలేదు. పుస్తకంతో దాని ముడి తర్వాత పడింది. ‘ట్రుయోక్ థు లప్ ఙోన్’, అంటే గ్రంథం రాసి మాట నిలబెట్టడం అనే జంట పదం నేటికీ వియత్నాం వ్యాసాల్లో కనిపిస్తుంది.

మూడో స్థానం అంటే రచనకు చిన్నపీట వేసినట్టే కదా?

వరుసలో చిన్నపీటే. ఆ బాధ వియత్నాం కవుల్లో కొందరికి గట్టిగానే ఉంది. ఙుయెన్ కోంగ్ ట్రూ (1778–1858) సంగతి చూడండి. భూమ్యాకాశాల మధ్య పుట్టాక కొండల ముందు, నదుల ముందు ఏదో ఒక పేరు మిగలాలి అన్నాడు ఆ కవి. అన్నవాడు ఊరుకోలేదు. 1828లో తియెన్ హాయ్, 1829లో కిమ్ సోన్ ప్రాంతాల్లో సముద్రపు ఒండ్రునేలను జనంతో సాగులోకి తెచ్చాడు. బతికుండగానే ఆయనకు జనం గుడి కట్టారు. అది లప్ కోంగ్. ఇవాళ ఆయన్ని తలుచుకునేవాళ్ళు ఆ పొలాలనూ తలుస్తారు, పాటలనూ తలుస్తారు.

దేశభక్తుడు ఫాన్ బోయ్ చౌ (1867–1940) ఇంకా ముందుకు వెళ్ళాడు. మనిషి ఎదగడానికి ఉన్న దారుల్లో అన్నిటికంటే కిందిది సాహిత్యం అనే అర్థం వచ్చే చైనా పద్యపాదం ఒకటి ఆయనకు పడుచుతనంలో చాలా ఇష్టం. సర్కారీ కొలువు పరీక్షల కోసం పద్యాలు కట్టుకుంటూ కూర్చుంటే దేశాన్ని ఏలుతున్న ఫ్రెంచివాళ్ళు పోతారా అన్నది ఆయన ఆవేదన. అయితే జపాన్ వెళ్ళాక ఆయన చేతిలో పనిచేసిన ఆయుధం ఏది? 1905లో రాసిన వియత్నాం పతన చరిత్ర. తుపాకుల కోసం వెళ్ళిన మనిషి పుస్తకంతో దేశాన్ని కదిలించాడు. అందుకే ఈ మూడు మెట్ల వరుసను నేను తూకంగా చూడను. కార్యం చేయడానికి దారులన్నీ మూసుకుపోయిన రోజున మనిషికి మిగిలే చివరి మెట్టు మాట.

పుస్తకం రాసిన ప్రతివారూ లప్ ఙోన్ చేసినట్టేనా?

కాదు. రాయడం వేరు, నిలవడం వేరు. ఎవరూ తన గురించి తాను ‘నేను లప్ ఙోన్ చేస్తున్నాను’ అనుకోవడం బాగుండదు కూడా. పాత పండితులు తమ మహాగ్రంథాలకు పెట్టుకున్న పేర్లు చూడండి: ‘కలగాపులగపు రాతలు’, ‘చూసినవీ విన్నవీ చిన్న రాతలు’. బిరుదు ఇవ్వాల్సింది తర్వాతివాళ్ళు.

ఇంకో అర్థం కూడా ఉంది, తికమక పడకుండా చెబుతాను. పాతకాలపు సర్కారీ పరీక్షల్లో ‘ఋషుల తరఫున లప్ ఙోన్’ అనే పద్ధతి ఉండేది. ప్రాచీన జ్ఞానుల గొంతుతో, వాళ్ళే మాట్లాడుతున్నట్టుగా అభ్యర్థి వ్యాసం రాయాలి. అక్కడ సొంత ఆలోచనకు చోటే లేదు. ఒకే మాట ఒక చోట సొంత గొంతును నిలబెట్టడం, ఇంకో చోట పక్కవాడి గొంతును అరువు తెచ్చుకోవడం. పాత గ్రంథాలు చదివేటప్పుడు ఏ సందర్భమో చూసుకోవాలి.

ఒకే ఒక్క ఉదాహరణ చెప్పమంటే ఎవరి పేరు చెబుతారు?

ఙుయెన్ ట్రాయ్ (1380–1442). రెండో ఆలోచన లేదు.

ముందు నేపథ్యం. 1406లో చైనా మింగ్ చక్రవర్తి యోంగ్లె తన సేనను దక్షిణానికి పంపుతూ ఒక ఆజ్ఞ ఇచ్చాడు. అక్కడివాళ్ళు రాసుకున్న పుస్తకమన్నది కనబడితే చాలు, ఒక్క ముక్క, ఒక్క అక్షరం మిగలకుండా నాశనం చేయాలి. వాళ్ళు నిలిపిన శిలాశాసనాలు పగలగొట్టాలి. సైనికులు పుస్తకాలను వెంటనే తగలబెట్టడం లేదని తెలిసి, మరుసటి ఏడాది మళ్ళీ గట్టిగా హెచ్చరించాడు కూడా. నేలను గెలిస్తే చాలదని, మాటను కూల్చాలని ఆయనకు తెలుసు. లప్ ఙోన్ విలువ శత్రువుకే ముందు అర్థమైందని నాకు అనిపిస్తుంది.

ఆ దాడిలో ఙుయెన్ ట్రాయ్ తండ్రిని బందీగా చైనా తీసుకుపోయారు. కొడుకు కొన్నేళ్ళకు లామ్ సోన్ కొండల్లో తిరుగుబాటు లేవదీసిన లే లోయ్ దగ్గర చేరాడు. కత్తి పట్టలేదు, కలం పట్టాడు. శత్రు సేనానులకు ఆయన రాసిన ఉత్తరాల లక్ష్యం ఒకటే: కోట గోడల కంటే ముందు మనసులను గెలవడం. 1427లో యుద్ధం ముగిసింది. 1428లో లే లోయ్ పేరిట ఙుయెన్ ట్రాయ్ రాసిన విజయ ప్రకటన ‘బిన్ ఙో డాయ్ కావ్’ వెలువడింది. దాని సారం ఇది: మాది ఎప్పటినుంచో సొంత సంస్కృతి ఉన్న దేశం, మా కొండలూ నదులూ వేరు, మా ఆచారాలు వేరు. వియత్నాం పిల్లలు ఇప్పటికీ దాన్ని బడిలో చదువుకుంటారు.

తర్వాత జరిగింది చెప్పాలంటే గొంతు పట్టేస్తుంది. 1442లో సాక్షాత్తూ రాజే, లే థాయ్ తోంగ్, ‘లే చి వియెన్’ అనే లీచీ తోటలో బస చేసిన రాత్రి హఠాత్తుగా చనిపోయాడు. అప్పుడు పక్కన ఉన్నది ఙుయెన్ ట్రాయ్ భార్య, అంతఃపుర స్త్రీలకు చదువు చెప్పే ఙుయెన్ థి లో. రాజహత్య నేరం మోపారు. మూడు తరాల బంధువర్గంతో సహా ఙుయెన్ ట్రాయ్‌కి మరణశిక్ష వేశారు. ఆయన రాతలు చెల్లాచెదురయ్యాయి.

22 ఏళ్ళ తర్వాత, 1464లో, చనిపోయిన రాజు కొడుకే ఆయన నిర్దోషి అని ప్రకటించాడు. ఆ కొడుకు లే థాన్ తోంగ్, స్వయంగా కవి. ఙుయెన్ ట్రాయ్ హృదయం సాహిత్య నక్షత్రంలా వెలుగుతోంది అని ఒక పద్యపాదం రాశాడు. 1467లో ఆయన రాతలు ఎక్కడున్నా వెతికి పోగుచేయమని ఆజ్ఞ ఇచ్చాడు. ట్రాన్ ఖాక్ కియెమ్ అనే పండితుడు ఆ పని చేసి 1480లో ముగించాడు. అదీ నిలవలేదు, కాలక్రమంలో మళ్ళీ చెదిరిపోయింది. 19వ శతాబ్దంలో ఇంకో పండితుడు పట్టుబట్టి వెతికి సమకూర్చాక 1868లో అచ్చయింది. దేశభాషలో ఆయన రాసిన 254 పద్యాలు అలా మన కాలానికి అందాయి. దేశభాషను రాయడానికి అప్పట్లో వాడిన నోమ్ లిపిలో ఇప్పటికి దొరికిన పద్య సంపుటాల్లో అదే పాతది.

ఇక్కడ మాటను నిలబెట్టింది ఎవరు? రాసినవాడు ఒక్కడేనా? ఇంటింటికీ తిరిగి చిరిగిన కాగితాలు అడిగి తెచ్చుకున్నవాళ్ళకు లప్ ఙోన్‌లో సగం వాటా ఉందని నా గట్టి నమ్మకం.

రచనే మిగలకపోతే?

అప్పుడు కూడా మాట నిలిచిన సందర్భం ఉంది. చు వాన్ ఆన్ (1292–1370) పేరుమోసిన గురువు. ఆస్థానంలో అవినీతి పెరిగినప్పుడు ఏడుగురు మంత్రుల తలలు తీయించమని రాజుకు విన్నపం రాశాడు. రాజు పట్టించుకోలేదు. ఆయన పదవి వదిలేసి చి లిన్ కొండలకు వెళ్ళిపోయాడు. ఆ విన్నపానికి ఒక్క నకలు కూడా ఈనాడు మిగల్లేదు. అందులో ఏ ఏడు పేర్లున్నాయో కూడా తెలియదు. అయినా ‘ఏడు తలల విన్నపం’ అంటే వియత్నాంలో తెలియనివాళ్ళు అరుదు.

ఎంత రాస్తే అంత గొప్పా?

లే క్వీ డోన్ (1726–1784) విషయంలో విస్తారమే గొప్పతనం. చరిత్ర, భూగోళం, పంటలు, కవిత్వం, తత్వం, ఆయన ముట్టని శాఖ లేదు. 1773 నాటి ‘వాన్ డాయ్ లోయ్ ఙు’ ఒక విజ్ఞాన సర్వస్వం. 1776 నాటి ‘ఫు బియెన్ తాప్ లుక్’లో దక్షిణ ప్రాంతాల పన్నులు, రేవులు, పంటలు అన్నీ ఉంటాయి. 1760–62 మధ్య రాయబారిగా చైనా వెళ్ళినప్పుడు బీజింగ్‌లో కొరియా రాయబారులను కలిశాడు. ఒకరి భాష ఇంకొకరికి రాదు. ఇద్దరికీ వచ్చిన చైనా లిపిలో కుంచెతో కాగితం మీద రాసుకుంటూ మాట్లాడుకున్నారు. ఆయన పుస్తకాలకు ఒక కొరియా రాయబారి ముందుమాట రాశాడు. నోరు విప్పకుండా రెండు దేశాల పండితులు గంటల తరబడి చేసిన ఆ సంభాషణ తలుచుకుంటే నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

మహాకవి ఙుయెన్ జు తన పేరు నిలవాలని కోరుకున్నాడా?

ఆయన అడిగింది వేరు. చైనాలో మింగ్ కాలంలో తియెవ్ థాన్ అనే అమ్మాయి ఉండేదని కథ. ఒకరికి రెండో భార్యగా వెళ్ళింది. పెద్దభార్య ఆమెను దూరంగా ఉంచింది. 18 ఏళ్ళకే చనిపోయింది. ఆమె పద్యాలను పెద్దభార్య తగలబెట్టగా కొన్ని మిగిలాయి. ఆ మిగిలినవి చదివి ఙుయెన్ జు (మరణం 1820) ఒక పద్యం రాశాడు. రాతకు ప్రాణం లేకపోయినా కాలిపోయే బాధ దానికి తప్పలేదు అన్నాడు. చివర్లో తో న్యు అనే తన ఇంకో పేరుతో అడిగాడు: ఇంకో మూడొందల ఏళ్ళ తర్వాత ఈ లోకంలో తో న్యు కోసం ఏడ్చేవాళ్ళు ఎవరైనా ఉంటారా?

కీర్తి అడగలేదు, కన్నీటిచుక్క అడిగాడు. లప్ ఙోన్‌కి ఇంతకంటే లోతైన నిర్వచనం ఏ పండితుడూ ఇవ్వలేదని అనుకుంటాను.

ఆయన ‘ట్రుయెన్ కియెవ్’ 3,254 పాదాల కావ్యం. కథ ఒక చైనా నవలది. కథ అరువు, పలుకు సొంతం. భారతాన్ని తెలుగు చేసుకున్న మనకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. చదువురాని తల్లులు ఆ పాదాలను జోలపాటలుగా పాడారు. పుస్తకం తెరిచి, వేలు పడిన పాదంతో జోస్యం చూసుకునేవాళ్ళు నేటికీ ఉన్నారు. 1924లో ఫామ్ క్విన్ అనే సంపాదకుడు, కియెవ్ ఉన్నంతకాలం మన భాష ఉంటుంది, మన భాష ఉన్నంతకాలం మన దేశం ఉంటుంది అన్నాడు. పరాయి పాలనలో ఇలాంటి మాటలతో జోకొట్టవద్దని ఙో డుక్ కే వంటివాళ్ళు ఆయనపై మండిపడ్డారు. వాదన న్యాయమైనదే. కావ్యం మాత్రం ఇద్దరి తర్వాతా నిలిచింది.

ఆడవాళ్ళకు ఇందులో చోటుందా?

పరీక్షలు మగవాళ్ళకే, పదవులు మగవాళ్ళకే. కార్యం అనే మెట్టు స్త్రీలకు రాజ్యం తరఫున దాదాపు మూసేసినదే. మాట అనే మూడో మెట్టు మాత్రం తెరుచుకుంది. డొవాన్ థి డియెమ్ (1705–1748) చైనా లిపిలో కథలు రాసింది. హో సువాన్ హుయాంగ్ దేశభాషలో రాసిన పద్యాలు పదునైనవి, గడుసువి; ఎక్కువగా నోటినుంచి నోటికి బతికాయి. 1918లో సైగాన్‌లో మొదలైన తొలి స్త్రీల పత్రికకు సంపాదకురాలు సువాంగ్ ఙుయెత్ ఆన్. ఆమె తండ్రి ఙుయెన్ డిన్ చియెవ్ (1822–1888), చూపు లేని కవి. ధర్మాన్ని ఎంత మోసినా ఈ పడవ మునగదు, దుర్మార్గులను ఎంతమందిని పొడిచినా ఈ కలం వంకరపోదు అన్నవాడు. హో సువాన్ హుయాంగ్, ఙుయెన్ డిన్ చియెవ్ ఇద్దరినీ 2021లో యునెస్కో స్మరణోత్సవాల జాబితాలో చేర్చింది.

లిపే మారిపోయింది కదా, పాత మాటలు ఎలా నిలిచాయి?

ఇది నిజంగా బాధపెట్టే ప్రశ్న. 1919లో చివరి సర్కారీ పరీక్ష జరిగింది. ఆ తర్వాత రోమన్ అక్షరాల ‘క్వోక్ ఙు’ దేశమంతా వచ్చేసింది. చదువు పల్లెపల్లెకూ చేరడానికి అది ఎంతో మేలు చేసింది. కానీ తాత సమాధి మీద రాసింది మనవడు చదవలేని రోజు కూడా దానితోపాటే వచ్చింది. నోమ్ లిపి చదవగలవాళ్ళు ఇవాళ చాలా కొద్దిమంది. ఙుయెన్ ట్రాయ్‌నీ ఙుయెన్ జునూ నేటి వియత్నామీలు చదివేది లిప్యంతరంలోనే. ఙుయెన్ రాజవంశం పుస్తకాలు అచ్చువేసిన చెక్కదిమ్మలు 34 వేలకు పైగా డాలాట్‌లో భద్రంగా ఉన్నాయి. 2009లో యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాలో వాటికి చోటు దక్కింది.

మాటలు వద్దనే బౌద్ధులు దీన్ని ఎలా చూశారు?

ధ్యాన సంప్రదాయంలో ‘బత్ లప్ వాన్ తు’ అనే సూత్రం ఉంది: అక్షరాలను నిలబెట్టవద్దు. అదే ‘లప్’, ఎదురుగా ‘వద్దు’. రాజ్యం వదిలి సన్యసించి ట్రుక్ లామ్ సంప్రదాయాన్ని స్థాపించిన ట్రాన్ న్యాన్ తోంగ్ (1258–1308) ఈ సూత్రం తెలిసినవాడే. అయినా లోకంలో ఉంటూనే ధర్మంలో ఆనందించడం గురించి దేశభాషలో గొప్ప రచన చేశాడు.

మనకు ఇక్కడ నిజమైన చుట్టరికం ఒకటుంది. వియత్నాం విహారాల్లో చదివే మాధ్యమిక శాస్త్రం రాసినవాడిని వాళ్ళు ‘లోంగ్ థో’ అంటారు. లోంగ్ అంటే నాగం, థో అంటే చెట్టు. అర్జున వృక్షం, మన తెల్లమద్ది. ఆయన ఆచార్య నాగార్జునుడు. మన సంప్రదాయం కృష్ణాతీరంతో ముడిపెట్టే మనిషి మాట, పేరు అనువాదమైపోయి మరీ అక్కడ నిలిచింది.

తెలుగులో ఒక్క మాటలో ఏమనవచ్చు?

‘యశఃకాయం’ దగ్గరగా వస్తుంది కానీ అది కీర్తి అనే శరీరం గురించి. లప్ ఙోన్‌లో నిలిచేది మనిషి పేరు కాదు, మాట. పేరు పోయి మాట మిగిలినా అది లప్ ఙోన్ అవుతుంది. అందుకని నేనైతే వియత్నామీ మాటనే ఉంచి, పక్కన ‘మాటను నిలబెట్టడం’ అని రాస్తాను.

హనోయి వెళ్తే దీన్ని ఎక్కడ చూడవచ్చు?

1070లో కట్టిన సాహిత్య ఆలయం ‘వాన్ మియెవ్’కి వెళ్ళండి. రాతి తాబేళ్ళ వీపుల మీద 82 శాసనాలు నిలబడి ఉంటాయి. పరీక్షల్లో అత్యున్నత పట్టాలు పొందినవాళ్ళ పేర్లు అవి. మొదటివి 1484లో నిలిపారు. ప్రతిభావంతులే దేశానికి ప్రాణవాయువు అన్న థాన్ న్యాన్ ట్రుంగ్ వాక్యం వాటిలో ఒకదాని మీద ఉంది. పరీక్షల ముందు పిల్లలు తాబేళ్ళ తలలు నిమిరి నిమిరి రాయి అరిగిపోతుంటే ఇప్పుడు అడ్డంగా కంచె కట్టారు. కొత్త సంవత్సరం తేత్ రోజుల్లో వెళితే ఆవరణ బయట కుంచెలు పట్టుకుని కూర్చున్న రాతగాళ్ళు కనిపిస్తారు. జనం వరుసలో నిలబడి తమకు నచ్చిన ఒక్క అక్షరం రాయించుకుని ఇంటికి తీసుకెళ్ళి గోడకు తగిలించుకుంటారు.

ఆ శాసనాల ముందు నిలబడినప్పుడు అక్కడివాళ్ళు చెప్పుకునే సామెత ఒకటి గుర్తు తెచ్చుకోండి. చెడ్డపేరు తెచ్చుకోవద్దని పెద్దలు పిల్లలను హెచ్చరించే సామెత అది: వందేళ్ళకు రాతి శాసనం అరిగిపోతుంది, వెయ్యేళ్ళకు కూడా నోటి శాసనం అలాగే ఉంటుంది.